మాకు స్కాన్ రాసే ముందు ఒక పది నిమిషాలు మాతో మాట్లాడండి: తెలుగు న్యూరాలజిస్టులకి బహిరంగ లేఖ

ఆంధ్రా, తెలంగాణల్లో పార్కిన్సన్ (వణుకుడు జబ్బు) పేషెంట్లని చూస్తున్న న్యూరాలజిస్టులకి, వాళ్ళకి స్కాన్లు తీసే న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్లకి,

నమస్కారం అండి. నేను డాక్టర్ని కాదు, ఒక పార్కిన్సన్ పేషెంట్ కూతుర్ని. మీ ఓపీలో నాన్నగారి పక్కన ఫైలు, టాబ్లెట్ల కవరు పట్టుకుని కూర్చునే మనిషిని. మీరు ఆయన్ని వేళ్ళు టకటకా ఆడించమంటారు, గుప్పెట తెరిచి మూయమంటారు, గోడ దాకా నడిచి వెనక్కి తిరిగి రమ్మంటారు. అప్పుడు పక్కన కూర్చున్న మేం ఏం చేస్తామో మీరు ఎప్పుడూ చూసుండరు, టేబుల్ కింద మా వేళ్ళు మేం కూడా ఆడించుకుని చూసుకుంటాం. ఇది నా ఒక్కదాని సంగతి కాదు, వెయిటింగ్ హాల్లో కూర్చునే కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళతో మాట్లాడితే అందరూ ఇదే చెప్తారు, నవ్వుతూ చెప్తారు గానీ చెప్తారు.

ఆ తర్వాత బయటికి వచ్చేముందు తలుపు దగ్గర ఆగి అడిగే ప్రశ్న మీ అందరికీ తెలుసు. "డాక్టర్ గారూ, ఇది మాకూ వస్తుందా? బ్రెయిన్ స్కాన్ చేస్తే ముందే తెలిసిపోతుందంట కదా?" దానికి మీ దగ్గర ఇప్పుడు రెండు జవాబులు ఉన్నాయి. కొంతమంది "అదేం లేదమ్మా, అనవసరంగా ఆలోచించకండి" అని పంపించేస్తారు. కొంతమంది చీటీ మీద స్కాన్ రాసిచ్చేస్తారు. మొదటిది మమ్మల్ని యూట్యూబ్‌కి పంపిస్తుంది, రెండోది స్కాన్ సెంటర్‌కి పంపిస్తుంది, రెండు చోట్లా మాకు అసలు విషయం చెప్పేవాళ్ళు లేరు. నేను అడిగేది మూడో జవాబు, అది చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది, మీ ఓపీలో పది నిమిషాలంటే ఎంత కష్టమో తెలిసే అడుగుతున్నా.

ముందు నాకు అర్థమైనంత వరకు చెప్తా, తప్పైతే దిద్దండి. మామూలు ఎంఆర్ఐలో పార్కిన్సన్ కనపడదు. నాన్నగారి ఎంఆర్ఐ రిపోర్టులో "వయసుకి తగ్గ మార్పులు" అని తప్ప ఇంకేం లేదు, అది చూసి మా పెద్దమ్మ "ఏం లేదంటున్నారు కదా, మరి ఈ మందులెందుకు" అని చాలా రోజులు గొడవ పెట్టింది. మెదడు అడుగున సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట, ఒంటి కదలికలకి కావాల్సిన డోపమైన్ అనే కెమికల్ తయారుచేసే కణాలు చచ్చిపోతూ ఉంటాయి, వణుకు బయటపడేసరికే వాటిలో సగమో అంతకన్నా ఎక్కువో పోయి ఉంటాయని అంచనా. అంటే జబ్బు మొదలవడానికీ, జబ్బు కనపడటానికీ మధ్య ఏళ్లకేళ్లు గ్యాప్ ఉంది. ఆ గ్యాప్‌లో చూడగలిగే స్కాన్లు ఉన్నాయి. ఒకటి డోపమైన్ తయారీ ఎలా ఉందో చూపించే ఫ్లోరోడోపా పెట్ స్కాన్. ఇంకోటి డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్‌ని (విడుదలైన డోపమైన్‌ని మళ్ళీ కణంలోకి లాక్కునే ప్రోటీన్) చూసే స్పెక్ట్ స్కాన్, విదేశాల్లో డాట్ స్కాన్ అంటారు, దానికి అయోడిన్-123 కావాలి, మన దగ్గర ఎక్కువగా టెక్నీషియం-99ఎంతో చేసే ట్రోడాట్ వాడతారు. ఇంజెక్షన్ ఇచ్చి కొన్ని గంటలు కూర్చోబెట్టి స్కాన్ తీస్తారు. బాగున్న మెదడులో రెండు వైపులా కామాలు వెలుగుతున్నట్టు కనిపిస్తాయి, పార్కిన్సన్‌లో కామా తోక చెరిగిపోయి ఫుల్‌స్టాప్ మిగులుతుంది. మీలో ఒకరు నాకు కంప్యూటర్ స్క్రీన్ తిప్పి మరీ ఇది చూపించారు, ఆ రోజు మాట్లాడినంత క్లియర్‌గా ఎవరూ మాట్లాడలేదు, థాంక్స్ అండి.

లక్షణాలు రాకముందే మెదడులో నష్టం చూడొచ్చు అనేది నిన్న మొన్న పుట్టిన ఐడియా కాదు. నేను చదివిన వాటిలో నన్ను బాగా పట్టుకున్న కథ ఇదే, మీకు తెలిసిందే అయినా లేఖ చదివే మిగతావాళ్ళ కోసం రాస్తున్నా. 1982లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాన్ హోజే చుట్టుపక్కల, ఇంకా వయసులో ఉన్నవాళ్ళు ఉన్నట్టుండి కొయ్యబారిపోయి ఆస్పత్రులకి వచ్చారు, కదలలేరు, మాట్లాడలేరు, ముదిరిన పార్కిన్సన్ ఎలా ఉంటుందో అలా. విలియం లాంగ్‌స్టన్ అనే న్యూరాలజిస్టు ఆరా తీస్తే అందరూ వీధిలో కొన్న నకిలీ హెరాయిన్ ఎక్కించుకున్నవాళ్ళే, దాన్ని దొంగచాటుగా తయారుచేసేటప్పుడు ఎంపీటీపీ అనే విషం కలిసిపోయింది, అది సరిగ్గా ఆ డోపమైన్ కణాలనే చంపుతుంది. మెదడులోకెళ్ళి డోపమైన్‌గా మారే మందు లెవోడోపా ఇస్తే కదిలారు. సరే, వీళ్ళు మంచం పట్టినవాళ్ళు. కానీ అదే సరుకు వాడి కూడా బానే తిరుగుతున్నవాళ్ళు ఇంకా కొందరు ఉన్నారు కదా, వాళ్ళ మెదడులో ఏం జరుగుతోంది? అప్పటికి 1983లోనే కెనడాలోని హామిల్టన్‌లో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ళు ఫ్లోరోడోపాతో బతికున్న మనిషి మెదడులో డోపమైన్‌ని పెట్ స్కాన్‌లో చూపించారు. లాంగ్‌స్టన్, వాంకూవర్‌లో ఉన్న డోనాల్డ్ కాల్న్ కలిసి, ఎంపీటీపీ ఒంట్లోకి వెళ్ళినా లక్షణాలు లేని నలుగురికి ఆ స్కాన్ చేశారు. 1985లో నేచర్ పత్రికలో వచ్చింది. నలుగురూ చూడటానికి బానే ఉన్నారు, స్కాన్‌లో మాత్రం డోపమైన్ తగ్గిపోయి ఉంది. కొన్నేళ్ల తర్వాత అలా విషం తగిలినవాళ్ళని మళ్ళీ స్కాన్ చేస్తే ఇంకా తగ్గింది, విషం ఎప్పుడో ఆగిపోయినా సరే.

అంటే బయటికి ఏమీ లేని మనిషి మెదడులో లోపల లోటుని మెషీన్ చూడగలదని దాదాపు 40 ఏళ్ల కిందటే తెలుసు. మరి ఇన్నాళ్ళూ అందరికీ ఈ టెస్ట్ ఎందుకు చెయ్యలేదు అనేది నా మొదటి ప్రశ్న, దానికి జవాబు వెతుక్కోవడానికి నాకు చాలా టైమ్ పట్టింది, మీరు రెండు ముక్కల్లో చెప్పి ఉండొచ్చు.

లెక్క ఇలా వేసుకున్నా, కేవలం లెక్క కోసం అనుకుంటున్నా, ఇవి ఏ స్టడీలోవీ కావు. 60 దాటిన 1000 మందిని తీసుకుందాం, వాళ్ళలో 10 మందికి లోపల జబ్బు మొదలైందనుకుందాం. స్కాన్ నూటికి 95 సార్లు కరెక్ట్ చెప్తుందనుకుందాం, చాలా మంచి టెస్ట్ అన్నమాట. ఆ 10 మందిలో 9, 10 మందిని పట్టుకుంటుంది. మిగిలిన 990 మందిలో 5 శాతం అంటే దాదాపు 50 మందికి లేని జబ్బు ఉందని చెప్తుంది. మొత్తం 60 మంది భయపడి ఇంటికెళ్తే వాళ్ళలో 50 మంది ఊరికే భయపడినట్టు. ఈ లెక్క ఇంటర్ చదివిన పిల్లలకి కూడా అర్థమవుతుంది, కానీ "ఫ్యామిలీ బ్రెయిన్ హెల్త్ ప్యాకేజీ" బ్రోషర్‌లో ఎక్కడా ఉండదు.

అవును, అలాంటి ప్యాకేజీ ఉంది. ఎవరిదో పేరు చెప్పను, పేరు ముఖ్యం కాదు, రేపు ఇంకోళ్ళు పెడతారు. పేషెంట్ పిల్లలకి, తోడబుట్టినవాళ్ళకి డిస్కౌంట్ మీద "పార్కిన్సన్ రాకముందే కనిపెట్టండి" అని. మా బాబాయి కొడుకు, వయసు 50 లోపే, ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు, భయంతో వెళ్ళి చేయించుకున్నాడు. రిపోర్టులో ఎడమ పుటామెన్‌లో (స్కాన్‌లో ఆ కామా తోక కనిపించే చోటు) కొంచెం తగ్గింది, ఎర్లీ పార్కిన్సన్ అయ్యుండొచ్చు, న్యూరాలజిస్టుని కలవండి అని రాసిచ్చారు. తమ్ముడు అప్పటికి సిగరెట్ మానడానికి బుప్రోపియాన్ వాడుతున్నాడు. ఆ మందు అదే డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్ మీద కూర్చుంటుంది, స్కాన్‌ని తప్పుదారి పట్టించొచ్చు, ముందుగా ఆపి చెయ్యాలి. ఏం మందులు వాడుతున్నావని అక్కడ ఒక్కరు కూడా అడగలేదు. తర్వాత కలిసిన న్యూరాలజిస్టు గారు పరీక్ష చేసి ఏమీ లేదన్నారు, కావాలంటే మందు ఆపి మళ్ళీ చేయిద్దాం అన్నారు. వాడు చేయించుకోనంటున్నాడు. రెండోసారి కూడా అలాగే వస్తే ఎలా అని. ఇప్పుడు పెన్ను జారినా, మెట్టు తడబడినా ఇదేనా అంటాడు, వాళ్ళావిడ మాకు ఫోన్ చేసి ఏడుస్తుంది. రిపోర్టులోని ఆ ఒక్క లైను ఆ ఇంట్లో ఏం చేసిందో రాసినవాళ్ళకి తెలీదు.

ఆ లైను సంగతే ఇంకో రెండు మాటలు. రేపు వాడు టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకోవాలంటే ప్రపోజల్ ఫారంలో నరాల జబ్బుల గురించి, చేయించుకున్న టెస్టుల గురించి అడిగితే ఏం రాయాలి? దాస్తే రేపు క్లెయిమ్ కొట్టేయొచ్చు, రాస్తే ఇవాళే పాలసీ ఇవ్వకపోవచ్చు. వాడికి పెళ్ళికెదిగిన కూతురుంది. "వాళ్ళ తాతల వైపు వణుకుడు జబ్బు ఉందంట" అనేది ఎలాగూ చెవిన పడుతుంది, ఇప్పుడు "తండ్రికి కూడా స్కాన్‌లో వచ్చిందంట" కూడా తోడవుతుంది. సంబంధాలు చూసే ఇళ్లలో శాతాలు ఎవరూ లెక్క వెయ్యరండి.

అలాగని స్కాన్ వద్దు అని నేను అనడం లేదు, ఇక్కడ నన్ను తప్పుగా అర్థం చేసుకోవద్దు. స్కాన్ నిజంగా పనికొచ్చే చోట మీరు దాన్ని తక్కువ వాడుతున్నారేమో అని కూడా నాకు అనుమానం. అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2011లో డాట్ స్కాన్‌కి అనుమతి ఇచ్చింది పార్కిన్సన్ లాంటి జబ్బు ఉందేమో అని అనుమానం ఉన్న పేషెంట్ల కోసం, బాగున్నవాళ్ళ కోసం కాదు. ఎసెన్షియల్ ట్రెమర్ (పార్కిన్సన్ కాని ఇంకో రకం వణుకు) అయితే స్కాన్ మామూలుగా వస్తుంది. మందుల వల్ల వచ్చే పార్కిన్సనిజంలో (పార్కిన్సన్ లాంటి లక్షణాలు) కూడా మామూలుగానే వస్తుంది. మన దగ్గర ఈ రెండోది ఎంత ముఖ్యమో మీకు నేను చెప్పక్కర్లేదు. కళ్ళు తిరుగుతున్నాయంటే సిన్నారిజిన్, తలనొప్పికి ఫ్లునారిజిన్, గ్యాస్ అంటే లెవోసల్పిరైడ్ కలిపిన క్యాప్సూల్, మెడికల్ షాపులో పాత చీటీ చూపించి నెలలకి నెలలు మింగే పెద్దవాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్ళు నెమ్మదించిపోయి, వణికిపోతూ వస్తే ఆ గ్యాస్ టాబ్లెట్ ఆపడం మానేసి పైనుంచి సిండోపా (లెవోడోపా ఉన్న టాబ్లెట్) మొదలుపెట్టే డాక్టర్లు కూడా ఉన్నారు, అది మీ న్యూరాలజిస్టుల పని కాదులెండి, కానీ ఆ పెద్దవాళ్ళు చివరికి వచ్చేది మీ దగ్గరికే. ఆ టాబ్లెట్ల కవరు చూశాక కూడా తేలకపోతే అక్కడ ట్రోడాట్ చేయిస్తే డబ్బు దండగ అనిపించదు. కవరు చూడకుండా చేయిస్తే మాత్రం దండగే.

సరే, మళ్ళీ బాగున్నవాళ్ళ సంగతికి వస్తా. ఎవరికి రిస్క్ ఎక్కువ అనేది ఇప్పుడు కొంత తెలుసు, దానికి మొదట పెద్ద మెషీన్ కూడా అక్కర్లేదు. నిద్రలో కలలకి తగ్గట్టు కాళ్ళూ చేతులూ విసిరేవాళ్ళు, అరిచేవాళ్ళు, మీరు ఆర్‌ఈఎమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్ అంటారు. 2019లో 24 సెంటర్ల నుంచి 1280 మందిని చూసిన స్టడీ వచ్చింది, నిద్ర ల్యాబులో ఇది ఖాయమైనవాళ్ళలో ఏడాదికి 6 శాతం పైన పార్కిన్సన్‌కో, ఆ కోవకి చెందిన డిమెన్షియాకో (మతి తగ్గిపోయే జబ్బు) మారారు, 12 ఏళ్లకి 73 శాతం దాటింది. ఇది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. మా నాన్నగారు రిటైర్ అవ్వక ముందు నుంచీ రాత్రిళ్ళు మంచం మీద ఎవరితోనో కొట్లాడేవారు, అమ్మకి ఒకసారి దవడ మీద దెబ్బ తగిలితే మేమందరం నవ్వుకున్నాం, అమ్మ అప్పటి నుంచి వేరే మంచం వేసుకుంది. ఏ డాక్టరూ అమ్మని అడగలేదు. పేషెంటుకి తను నిద్రలో ఏం చేస్తున్నాడో తెలీదు కదండి, అడగాల్సింది పక్కన పడుకునే మనిషిని.

వాసన ఇంకోటి. వాసన తెలియకపోవడం కూడా చాలామందిలో వణుకుకి ఏళ్ల ముందే వస్తుంది. అమెరికాలో పార్స్ అనే స్టడీలో వేల మందికి పోస్టులో వాసన టెస్ట్ పంపించి, వాసన తగ్గినవాళ్ళకి, పోల్చి చూడటానికి వాసన బాగా తెలిసే కొంతమందికి డాట్ స్కాన్ చేశారు. స్కాన్‌లో కూడా బాగా తగ్గినవాళ్ళు ఇరవై మంది పైచిలుకు తేలితే, 4 ఏళ్లలో వాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి జబ్బు బయటపడింది, స్కాన్ మామూలుగా ఉన్నవాళ్ళలో వచ్చినవాళ్ళు చాలా తక్కువ. పార్కిన్సన్ రీసెర్చ్‌కి డబ్బు పెట్టే మైకేల్ జె. ఫాక్స్ ఫౌండేషన్ వాళ్ళ పీపీఎంఐ స్టడీ 2010 నుంచి నడుస్తోంది, 2023లో వెన్ను నీటిలో ఆల్ఫా సైన్యూక్లిన్‌ని (ఈ జబ్బులో కణాల్లో ముద్దకట్టే ప్రోటీన్) పట్టుకునే టెస్ట్ 1,123 మంది మీద చేసి రిజల్ట్ చెప్పింది కూడా వాళ్ళ దగ్గరే. అంటే ముందు చవకైన ప్రశ్న, తర్వాత ఖరీదైన స్కాన్. పైన నేను వేసిన లెక్క ఇక్కడ తిరగబడుతుంది, ఎందుకంటే 1000కి 10 మంది ఉండే గుంపుని కాకుండా అంతకన్నా చాలా ఎక్కువ మంది ఉండే గుంపుని స్కాన్ చేస్తున్నారు కాబట్టి. అదే మెషీన్, అదే ఇంజెక్షన్, ఎవరిని పడుకోబెట్టామనేదే తేడా. ఈ ఒక్క విషయం మాకు చెప్తే చాలు, సగం మంది మేమే ప్యాకేజీ బ్రోషర్ మడిచి పడేస్తాం. (మలబద్ధకం కూడా ముందస్తు గుర్తుల్లో ఉంది గానీ, అది పట్టుకుంటే తెలుగు రాష్ట్రాల్లో సగం జనం స్కాన్ సెంటర్ ముందు లైన్‌లో ఉంటారు, వదిలేద్దాం.)

మా అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు. ఆ పీపీఎంఐ వాళ్ళ వాసన టెస్ట్ 40 దాటినవాళ్ళు అడిగితే ఇంటికే పంపిస్తారంట, తెప్పించుకున్నాడు. గీకి వాసన చూసి నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. వీడియో కాల్‌లో చూపిస్తూ "ఇది ఏంటో నాకు చిన్నప్పటి నుంచీ ముక్కుకే తగల్లేదు, ఏం టిక్ పెట్టాలి" అని నవ్వుతున్నాడు. వదినైతే ఇంగువ, కరివేపాకు, సాంబ్రాణి, మల్లెపూలు పెడితే కళ్ళు మూసుకుని నూటికి నూరు తెచ్చుకుంటా అంది. తమాషాగా అన్నా అందులో పాయింట్ ఉంది కదా. అక్కడి ముక్కులకి తయారుచేసిన టెస్టులో మనవాళ్ళకి మార్కులు తగ్గితే అది జబ్బా, అలవాటు లేకపోవడమా? ఢిల్లీలో మన వాసనలతో ఒక ఇండియన్ టెస్ట్ తయారుచేసి పార్కిన్సన్ పేషెంట్ల మీద వాడి చూశారు, అది మన ఓపీల్లో నేనెప్పుడూ చూడలేదు.

జన్యువుల సంగతీ అంతే. బయటి స్టడీల్లో జన్యువుల్ని బట్టి లక్షణాలు లేనివాళ్ళని ఏరి స్కాన్ చేసింది చాలావరకు ఎల్‌ఆర్‌ఆర్‌కే2 జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్ళని, అది అష్కెనాజీ యూదుల్లో, ఉత్తర ఆఫ్రికా వాళ్ళలో ఎక్కువ, మన దేశంలో చాలా అరుదు. వాళ్ళ రిస్క్ తీసుకొచ్చి మాకు అంటిస్తే ఎలా కుదురుతుంది. మరి మనకి ఏది లెక్క? ఇందాకటి ఎంపీటీపీ కథ గుర్తుందా, ఆ విషం ఒంట్లో మారి తయారయ్యే పదార్థం కెమికల్‌గా చూస్తే పారాక్వాట్‌కి దగ్గర చుట్టం. మన గడ్డి మందు. అప్పటి నుంచే సైంటిస్టుల కన్ను పురుగుమందుల మీద పడింది, పారాక్వాట్ వాడినవాళ్ళలో పార్కిన్సన్ ఎక్కువని అమెరికా రైతుల మీద చేసిన స్టడీలు ఉన్నాయి, అదే కారణం అని తేలిపోయిందని నేను అనను. కానీ గుంటూరు మిరప తోటల్లో, వరంగల్, ఆదిలాబాద్ పత్తి చేలల్లో ముక్కుకి గుడ్డ కూడా కట్టుకోకుండా జీవితమంతా మందు కొట్టినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. ఈ ప్రశ్నకి జవాబు దొరకాల్సిన చోటు న్యూజెర్సీ కాదు, ఇక్కడే. వాళ్ళ భార్యలని పిలిచి నిద్ర గురించి అడిగి, మన వాసనలతో టెస్ట్ పెట్టి, అందులో తేలినవాళ్ళకి మాత్రమే స్కాన్ చేసి, పదేళ్లు వెంట ఉండి చూసే స్టడీ మీరు ఎందుకు పెట్టకూడదు? యంగ్ ఆన్‌సెట్ పార్కిన్సన్ (చిన్న వయసులోనే వచ్చే పార్కిన్సన్) జన్యువుల మీద దేశంలోని చాలా సెంటర్ల డాక్టర్లు కలిసి పనిచేశారు కదా, చెయ్యగలరని తెలుసు. నిమ్స్ ఉంది, మంగళగిరి ఎయిమ్స్ ఉంది, వైజాగ్‌లో కేజీహెచ్ ఉంది, నిద్ర ల్యాబులు ఉన్నాయి, ట్రోడాట్ మన దగ్గర దొరుకుతోంది. డబ్బు సంగతి ప్రభుత్వాలని అడగండి, మేమూ మీతో వచ్చి అడుగుతాం.

ఇక్కడ మీలో కొందరు అనేది నాకు వినపడుతోంది. "ముందే తెలిస్తే ఏం చేస్తామమ్మా, ఆపే మందు లేదు కదా." నిజమే, లేదు. లెవోడోపా ముందు మొదలుపెడితే జబ్బు నెమ్మదిస్తుందేమో అని 2019లో వచ్చిన లీప్ ట్రయల్‌లో చూశారు, తేడా రాలేదు. 2022లో ఆల్ఫా సైన్యూక్లిన్ మీద పనిచేసే రెండు యాంటీబాడీ మందులు ట్రయల్స్‌లో పెట్టుకున్న ముఖ్య లక్ష్యాన్ని అందుకోలేదు. షుగర్ మందు ఎక్సెనటైడ్ మీద పెద్ద ఆశ పెట్టుకుంటే 2025లో అదీ పోయింది. (ఈలోగా రిపోర్టులో చిన్న తేడా వచ్చిందని దూలగొండి పొడి మొదలుపెట్టినవాళ్ళు మా గ్రూపులోనే ఉన్నారు. దూలగొండి గింజల్లో ఎల్-డోపా ఉందని 1937లోనే మద్రాసులో కనిపెట్టిన మాట నిజం, కానీ అది ఉన్న లక్షణాలు తగ్గించేదే, రాబోయే జబ్బుని ఆపేది కాదు, ఈ మాట మీ నోటితో చెప్తే వింటారు, నేను చెప్తే వినరు.) కానీ ఆ ట్రయల్స్ అన్నీ జబ్బు బయటపడ్డాక, సగం కణాలు పోయాక మొదలుపెట్టినవే కదా. ముందే మొదలుపెడితే పనిచేస్తాయేమో తేల్చాలంటే ఇంకా లక్షణాలు రాని దశలో ఉన్నవాళ్ళు దొరకాలి. వాళ్ళని వెతకడానికే ఈ స్కాన్. అందుకే ఇది అమ్మే సరుకు కాదు, స్టడీలో వాడాల్సిన పనిముట్టు అంటున్నా. ఒకరికి ఇవాళ ఆ రిపోర్టు చేతికిస్తే వాళ్ళకి ఒరిగేది ఏమీ లేదు, పదేళ్లు వెయ్యి మంది రిపోర్టులు ఒకచోట పెడితే వాళ్ళ పిల్లలకి ఒరుగుతుంది. నడక, వ్యాయామం మంచిదంటారా, అది స్కాన్ లేకుండా కూడా చెప్పొచ్చు, చెప్పండి, ఇప్పుడే చెప్పండి.

అందుకని నేను కోరేవి ఇవి. లక్షణాలు లేని మనిషి రిపోర్టులో "ఎర్లీ పార్కిన్సన్" అని రాయకండి. కనపడింది కనపడినట్టు రాయండి, జబ్బు పేరు పెట్టడం మనిషిని పరీక్షించిన డాక్టరుకి వదిలెయ్యండి. న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్లు ఇంజెక్షన్‌కి ముందు మందుల లిస్టు అడగనిదే చెయ్యి పట్టుకోకండి. మీ పేరూ ఫోటో వేసి ప్యాకేజీలు అమ్మేవాళ్ళని అడ్డుకోండి, మీకు తెలియకుండా వేసుంటే తీయించండి, తెలిసే వేసుంటే ఆ పైన వేసిన 60 మంది లెక్క అదే బ్రోషర్‌లో వేయించండి, చూద్దాం ఎంతమంది వస్తారో. మా ప్రశ్నకి తలుపు దగ్గర కాకుండా కుర్చీలో కూర్చోబెట్టి జవాబు చెప్పండి. తల్లికో తండ్రికో ఉంటే మాకు రిస్క్ మామూలు వాళ్ళకన్నా రెండు మూడు రెట్లు అంటారు, అయినా ఎక్కువమందికి రాదు, ఈ రెండు ముక్కలూ కలిపి చెప్పాలి, ఒకటి చెప్పి ఒకటి వదిలేస్తే రెండు రకాలుగానూ నష్టమే. మీకు టైమ్ లేకపోతే నెలకో ఆదివారం పేషెంట్ల ఇంటివాళ్ళని ఒక హాల్లో కూర్చోబెట్టి అందరికీ ఒకేసారి చెప్పండి, టీ బిస్కెట్లు మేం చూసుకుంటాం, నిజంగానే చెప్తున్నా.

స్టడీ గనక పెడితే కన్సెంట్ ఫారం తెలుగులో ఉండాలి, గూగుల్‌లో వేసి తీసిన తెలుగు కాదు, మా అమ్మ చదివి అర్థం చేసుకునే తెలుగు. పాల్గొనేవాళ్ళ భాషలో ఉండాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ కూడా అంటున్నాయి. రేడియేషన్ ఎంత, మళ్ళీ ఎన్నిసార్లు రావాలి, రిపోర్టు ఎవరి చేతికి వెళ్తుంది, ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగితే ఇస్తారా ఇవ్వరా, అన్నీ రాసుండాలి. ఇంకోటి, రిజల్ట్ తెలుసుకుంటారా లేదా అని రెండు గళ్ళు విడిగా ఉండాలి, రెండో గడిలో టిక్ పెట్టినవాళ్ళకి ఫోన్ చేసి "ఒకసారి వచ్చి కలవండి" అని అనకూడదు, ఆ ఫోనే రిజల్ట్ అయిపోతుంది. తర్వాత మనసు మారితే మార్చుకునే వీలుండాలి.

అన్నయ్యని అడిగా, తెలుసుకుంటానన్నాడు, ఇల్లు, పిల్లల చదువులు ప్లాన్ చేసుకోవాలంట. నేను రెండో గడిలో టిక్ పెడతా. స్కాన్‌కి మాత్రం ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తా, ఇంజెక్షన్ ఇచ్చాక కూర్చోబెట్టే ఆ కొన్ని గంటలు నాన్నగారిని చూసుకోవడానికి ఎవరో ఒకరిని ఇంట్లో పెట్టుకోవాలి కాబట్టి వారం ముందు చెప్తే చాలు.

ఇట్లు,
మీ ఓపీలో ఫైలు పట్టుకుని కూర్చునే ఒక పేషెంట్ కూతురు